మైదా బంకతో ఆరు సీసాలు

ఈమధ్య ఊరగాయ సీసాలకు మూతలు సరిగా బిగవడం లేదు. మూడు రకాలు మార్చి చూశాను. తిప్పుతుంటే బిగిసినట్టే ఉంటుంది, ఇంకాస్త తిప్పితే మళ్ళీ మొదటికొస్తుంది. ఇదేమంత పెద్ద విషయం కాదంటుంది మా ఆవిడ. కాకపోవచ్చు. మూత వదులైతే ఏమవుతుందో ఆమె చూడలేదు. నేను చూశాను. సైన్యంలో చూశాను.

సైన్యం అనగానే మా వీధిలోవాళ్ళు కుర్చీ దగ్గరికి లాక్కుంటారు. మంచుకొండలు, తుపాకులు, సరిహద్దు. వాళ్ళను నిరాశపరచడం నాకు అలవాటైపోయింది. నేను సైన్యంలో పదిహేడేళ్ళు ల్యాబ్ అసిస్టెంటును. నా ఆయుధం మైక్రోస్కోపు. దానితో మొత్తం సర్వీసులో ఒకే ఒక్క మనిషిని పడగొట్టాను. ఆయనా మనవాడే.

ఫిబ్రవరి రెండో వారం, మధ్యాహ్నం రెండూ పది. మా లారీ బనగానపల్లె దాటి, కొండల్లోకి పద్నాలుగు కిలోమీటర్లు పోయి ఆగింది. నంద్యాల అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉంది. నాది కడప జిల్లా వేంపల్లె. అస్సాం, రాజస్థాన్, లడఖ్ తిరిగాక, ఈసారి డ్యూటీ ఇంటికి నాలుగు గంటల దూరంలో పడింది. అమ్మకు ఫోన్ చేసి చెబితే, "ఏం నాయనా, యుద్ధం ఈడికి వచ్చిందా?" అని అడిగింది.

యుద్ధం రాలేదు. వచ్చింది ఇంజనీర్ల కంపెనీ, నూట ముప్పై మంది. రాళ్ళు పేల్చి దారి వేయడం నేర్చుకోవడానికి నాలుగు నెలల శిబిరం. రాళ్ళకు అక్కడ కరువు లేదు. అడుగు మట్టి కింద అంతా నాపరాయి. డేరా మేకులు దిగలేదు. మొదటి రోజే మూడు పారలు వంగాయి. తాళ్ళకు బండరాళ్ళు కట్టి డేరాలు నిలబెట్టాం. చెట్లంటే తుమ్మ, రేగు. నీళ్ళు రోజుకొక ట్యాంకరు, పదకొండు కిలోమీటర్ల అవతలి నుంచి.

వైద్య విభాగానికి రెండు డేరాలు, ముగ్గురు మనుషులు. కెప్టెన్ హోదాలో ఒక డాక్టర్ సాబ్, కట్లు కట్టే నర్సింగ్ అసిస్టెంటు, నేను. నాకు అప్పగించిన సామాను: మైక్రోస్కోపు ఒకటి, గాజు పలకలు రెండు పెట్టెలు, అయోడిన్, అరవై సీసాలు, అరవై మూతలు. సీసాలు ఒక చోటినుంచి, మూతలు ఇంకో చోటినుంచి వచ్చాయి. ఒకదానికొకటి పరిచయం లేదు. లెక్క సరిపోయింది కాబట్టి సంతకం పెట్టి తీసుకున్నాను.

ఆ సాయంత్రం వంటశాల దగ్గర వరసలో నిలబడితే గరిటె పట్టుకున్న పెద్దాయన నా మొహంలోకి చూశాడు.

"యా ఊరప్పా?"

"వేంపల్లె అన్నా."

"అనుకున్యా. పప్పు చూసి ఏడుపుమొగం పెట్టినావే, సీమోడే అనుకున్యా." నా పళ్ళెంలో జొన్నరొట్టె ఒకటి వేశాడు. అది జాబితాలో లేని వస్తువు. "ఎవురికీ చెప్పొద్దు. జొన్నలు నా సొంతం."

వంట హవల్దార్ ఖాదర్ బాషా. నంద్యాల. ఇరవైనాలుగేళ్ళ సర్వీసు. ఏప్రిల్ ఆఖరున రిటైర్మెంటు. సొంత జిల్లాలో ఇదే ఆయన మొదటి పోస్టింగ్, చివరిది కూడా. దిగిపోయాక ఏం చేయాలో ఆయనకు స్పష్టంగా తెలుసు. నంద్యాలలో ఒక కాలేజీ హాస్టల్ మెస్‌లో పెద్ద వంటవాడి పని మాటయింది. నాలుగు వందల మంది పిల్లలకు వండాలి. కాలేజీవాళ్ళు అడిగింది ఒకటే: సైన్యం నుంచి దిగేటప్పుడు చేసే వైద్య పరీక్షలో 'వంట పనికి తగినవాడు' అని రాసిన కాగితం.

ఆ పరీక్షలో మలం నమూనాలు చూసేది నేను.

ముందే సిద్ధం చేసి పెట్టుకోవడం నా పద్ధతి. చదువుకునే రోజుల్లో కూడా పరీక్షకు నెల ముందే పెన్నుల్లో ఇంకు పోసేవాణ్ణి. ఖాదరన్నకు మూడు నమూనాలు కావాలి, తేడా వస్తే ఇంకో మూడు. మొదటి వారంలోనే ఆరు సీసాలకు ఆయన పేరు, నంబరు రాశాను. అచ్చేసిన స్టిక్కర్లు ఇంకా రాలేదు. గమ్ము డబ్బా ఎండకు రాయైపోయింది. కాగితం ముక్కలు పట్టుకుని వంటశాలకు వెళ్ళాను.

"పిడికెడు మైదా ఇస్తావా అన్నా?"

"ఏమప్పా డాక్టరూ, మందుల్లోకా?"

"నీ పేరు అంటించేకి."

"అయితే నువ్వుండు, నేను కాచిస్తా. నువ్వు కాస్తే ఉండలు కడ్తాది. నా పేరు ఊడిపోగూడదు."

ఆయన చిన్న గిన్నెలో మైదా కలిపి, సన్న సెగ మీద తిప్పి తిప్పి, అద్దంలాంటి బంక కాచి ఇచ్చాడు. నేను ధారాళంగా పూశాను. ఒక్క మూలా లేవలేదు. తర్వాతి వారం అచ్చు స్టిక్కర్లు వచ్చాయి, మిగతా యాభైనాలుగు సీసాలకు అవి అంటించాను. ఈ ఆరింటిని మార్చలేదు. అంత బాగా అంటుకున్నవాటిని ఎవరు పీకుతారు?

మార్చి వచ్చేసరికి డేరాలో మందులు వేడెక్కుతున్నాయి. చెక్కపెట్టె ఒకటి సంపాదించి, చుట్టూ గోనెపట్టాలు కట్టి, గంటకోసారి నీళ్ళు చల్లేవాణ్ణి. అయోడిన్, ఆ ఆరు సీసాలు అందులో. మొత్తం శిబిరంలో చల్లగా, చెమ్మగా ఉన్న చోటు అదొక్కటే. డాక్టర్ సాబ్ మెచ్చుకున్నాడు. ఆ కొండల్లో తెలివున్న ఏ ప్రాణి అయినా అక్కడికే చేరుతుందన్నది మాకెవరికీ తట్టలేదు.

ఏడో వారం, సోమవారం. ఉదయం ఆరున్నరకు మొదటి నమూనా. ఏడూ యాభైకి పలక మైక్రోస్కోపు కింద పెట్టాను. గుడ్లు కనబడ్డాయి. కోలగా, పలచటి పెంకుతో. గోడకు తగిలించిన చార్టు చూశాను. కొంకిపురుగు గుడ్డు. పేగులకు కరుచుకుని నెత్తురు తాగే రకం. చార్టులోదానికంటే ఇది కాస్త పెద్దదిగా ఉన్నట్టనిపించింది. వంటవాడు కదా, పురుగు కూడా బాగా తిని ఉంటుందనుకున్నాను. నేను జంతుశాస్త్రంలో బి.ఎస్సీ., ఫస్ట్ క్లాస్.

ఎనిమిదింబావుకు రిపోర్టు రాశాను. ఎనిమిదీ నలభైకి డాక్టర్ సాబ్ చదివాడు. తొమ్మిదికి ఆర్డరు వచ్చింది. హవల్దార్ ఖాదర్ బాషా వంటశాలలో అడుగు పెట్టరాదు. పాత్ర, పిండి, నీరు ముట్టరాదు. నర్సింగ్ అసిస్టెంటు వంటశాల ముందు పది అడుగుల దూరంలో నేల మీద సున్నంతో గీత గీశాడు.

ఖాదరన్న గీత దాకా వచ్చి, అవతలే ఆగాడు. అక్కడొక నాపరాయి ఉంటే దాని మీద కూర్చున్నాడు.

వంట బాధ్యత నీళ్ళ ట్యాంకరు డ్రైవరుకు ఇచ్చారు. టీ పెట్టగలనని అతను ఎప్పుడో ఎవరితోనో ఒప్పుకున్నాడట. మొదటి పూట అన్నాన్ని ముక్కలుగా కోసి వడ్డించాడు. రెండో పూట నుంచి ఖాదరన్న గీత అవతలినుంచే అరవడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడే ఉప్పెయ్యొద్దప్పా! పప్పు ఉడకనీ!"

"వేసేసినా అన్నా!"

"ఎంత?"

"గంటెడు!"

"పిల్లోళ్ళకు వండుతాండావా, తోలు ఊరబెడ్తాండావా?"

అందరూ నవ్వారు. ఖాదరన్న కూడా నవ్వాడు. అరుస్తున్నంతసేపూ ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుని ఉండేవాడు. ఇరవైనాలుగేళ్ళుగా మోచేతిదాకా పిండితో ఉన్న చేతులు. అవి శుభ్రంగా, ఏ పనీ లేకుండా అట్లా పడి ఉండటం నేను మొదటిసారి చూశాను.

వారం రోజులు మందు ఇచ్చారు. రెండో సోమవారం, రెండో సీసా. గుడ్లు తగ్గలేదు. మూడింతలయ్యాయి.

డాక్టర్ సాబ్ రిపోర్టు రెండుసార్లు చదివాడు. "మందు తిని బలిశాయా ఏమిటి?" అన్నాడు హిందీలో. డోసు పెంచాడు.

శిబిరంలో నవ్వులు తగ్గాయి. ఆయన గ్లాసు చెవికి ఎవరో ఎర్రదారం కట్టారు, కలిసిపోకుండా. భోజనాల దగ్గర ఆయన పక్కన రెండు చోట్లు ఖాళీగా ఉండేవి. సైన్యంలో దూరం జరగమని ఎవరూ చెప్పనక్కర్లేదు, వరస చూసి వరస కదులుతుంది. నేను ఒకసారి ఆయన పక్కన కూర్చున్నాను. అది ధైర్యం కాదు, ఆ పురుగు అట్లా అంటదని నాకు తెలుసు.

"మెస్ వాళ్ళు మే పదో తేదీ లోపల కాగితం తెమ్మన్యారప్పా," అన్నాడు. "పోతాయంటావా?"

"పోతాయిలే అన్నా."

"నాకు నొప్పి లేదు, నీరసం లేదు. యాడ దాంకున్యాయో ఏమో."

మూడో సోమవారం, మూడో సీసా. ఏడూ నలభై. గుడ్ల మధ్యలోంచి ఒకటి నడుచుకుంటూ వచ్చింది. నడుచుకుంటూ అంటే నడుచుకుంటూనే. నేను కాళ్ళు లెక్కపెట్టాను. ఎనిమిది.

కొంకిపురుగుకు కాళ్ళుండవు. ఇది తెలియడానికి బి.ఎస్సీ. అక్కర్లేదు, ఇంటర్మీడియెట్ చాలు.

నా డేరా నుంచి డాక్టర్ సాబ్ డేరాకు ఇరవైఆరు అడుగులు. నేను వెళ్ళలేదు. ముందు రెండు రిపోర్టుల మీద ఉన్న సంతకాలు నావి. చార్టు కిందికి దించి స్కేలుతో గుడ్డు బొమ్మను కొలిచాను. చార్టు మీద అచ్చేసిన లెక్కన నా గుడ్డు దానికి రెట్టింపు. మళ్ళీ కొలిచాను. మంగళవారం కొలిచాను. బుధవారం డాక్టర్ సాబ్ అడిగితే, "మూడోది ఇంకా చూస్తున్నాను సార్," అన్నాను. "రెండు చాలులే," అన్నాడాయన. గురువారం పదకొండు గంటలకు ఉత్తరాల జీపు బయల్దేరింది. అందులో ఖాదరన్న కాగితాల కవరు ఉంది. 'తాత్కాలికంగా వంట పనికి తగడు.' జీపు లేపిన దుమ్ము కొండ మలుపు దాకా కనబడింది. నేను నిలబడి చూశాను.

శుక్రవారం రెండున్నర. ఎండ నలభైమూడు. ఖాదరన్న నా డేరా గుడ్డ పక్కకు తీశాడు.

"అప్పా, ఒకసారి నాకు చూపీ. రెండు వారాలుగా నా కడుపులో కాపురం చేస్తాండాయి. వాటి మొగమన్నా చూస్తా."

నమూనా ఇచ్చినవాడికి మైక్రోస్కోపు చూపించే ఆనవాయితీ మాకు లేదు. చూపించకూడదన్న రూలూ లేదు. మూడో సీసాలోది ఒక చుక్క పలక మీద వేసి, జరిగాను. ఆయన టోపీ తీసి, ఒక కన్ను మూసి, వంగాడు. చాలాసేపు లేవలేదు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. తల ఎత్తాడు. నవ్వుతున్నాడు.

"ఇదా?"

"అదే అన్నా."

"ఇది కడుపుది కాదప్పా. పిండిది."

"ఏ పిండి?"

"యా పిండైనా. మూట చెమ్మలో పెట్టి నెల మరిస్తే, మూతి కాడ దుమ్ము కదిలినట్ల ఉంటాది చూడు, అది ఇదే. ఇంత పెద్దగా యాపొద్దూ చూల్లేదుగానీ, నడక అదే. ఇరవైనాలుగేండ్లుగా దులుపుతాండా, గుర్తుపట్టనా? మడిసిని ఏం చేయదు పాపం. పిండిని జల్లిస్తే పోతాది."

నేను సీసా తీసి చూశాను. ఆయనా చూశాడు. మూత ఎప్పటిలాగే వదులుగా, పక్కకు ఒరిగి ఉంది. ఆయన బొటనవేలి గోటితో కాగితం మూల లేపాడు. ఇన్ని వారాల తర్వాత మొదటిసారి ఊడింది. కింద మైదా బంక తడిగా, బూజుగా ఉంది. పాత పుస్తకం తెరిస్తే పరుగెత్తుతుందే, నూక గింజంత కూడా లేని తెల్లటి పురుగు, అట్లాంటివి రెండు వెలుతురుకు బెదిరి సీసా మూతివైపు పరుగెత్తాయి. వాటి వెనక దుమ్ము కదిలింది.

"నేను కాచిన బంకే కదా ఇది?" అన్నాడు ఖాదరన్న.

"అవునన్నా."

"బాగా కాచినా," అన్నాడు.

మూడూ పదికి డాక్టర్ సాబ్ వచ్చాడు. ఇరవైఆరు అడుగులు నడిచి నేనే పిలుచుకొచ్చాను. ఎవరూ వాడని ఆరో సీసాలో, కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, ఊపి, ఒక చుక్క పలక మీద వేశాను. గుడ్లు. వాటి మధ్య ఒక కాలు. డాక్టర్ సాబ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఈ సీసాకు కూడా మందు రాయమంటావా?" అన్నాడు.

ఆ కాళ్ళు సోమవారమే చూశానని చెప్పాను. ఆయన నావైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. రేడియో డేరాకు నడవమన్నాడు.

మూడూ ఇరవైఐదు. సిగ్నల్ వాడు చెవులకు డబ్బాలు తగిలించుకుని ప్రధాన శిబిరాన్ని పిలిచాడు.

"వంట హవల్దార్ కవరు ఆపండి. రిపోర్టు తప్పు. ఓవర్."

"కవరు పొద్దున రికార్డు ఆఫీసుకు వెళ్ళిపోయింది. ఏం తప్పు? ఓవర్."

సిగ్నల్ వాడు మావైపు తిరిగాడు. డాక్టర్ సాబ్ నావైపు తిరిగాడు.

"పురుగు మనిషిది కాదని చెప్పు," అన్నాను.

"పురుగు మనిషిది కాదు. ఓవర్."

అవతల కాసేపు గరగర. "మళ్ళీ చెప్పండి. ఓవర్."

మళ్ళీ చెప్పాడు. రాతపూర్వకంగా పంపమన్నారు. పంపాం. తగు చర్య తీసుకుంటామని జవాబు వచ్చింది. తగు చర్య చాలా నెమ్మదిగా నడిచే ప్రాణి, దానికెన్ని కాళ్ళో నేను లెక్కపెట్టలేదు.

మరునాడు తెల్లారి నాలుగున్నరకు ఖాదరన్న వంటశాలలోకి వెళ్ళాడు. సున్నపు గీతను చూడకుండా దాటాడు. ఆయన వెళ్ళాక నేను బకెట్టు నీళ్ళు పోసి ఆ గీతను రుద్దాను. నాపరాయికి సున్నం పట్టేసింది. సగమే పోయింది. ఆ పూట నూట ముప్పై మందికీ జొన్నరొట్టె వేశాడు, సొంత జొన్నలతో. అందరూ తిన్నారు. కొందరు ఇంకొకటి అడిగారు. గ్లాసుకున్న ఎర్రదారాన్ని మాత్రం ఎవరూ విప్పలేదు. ఆయనా విప్పలేదు. ఏప్రిల్ ముప్పైన పెట్టె సర్దుకుని, అందరితో చేయి కలిపి, ఉత్తరాల జీపులోనే వెళ్ళిపోయాడు. నాతో చేయి కలిపేటప్పుడు, "సీసాలు ఎండలో పెట్టప్పా," అన్నాడు.

ఇప్పుడు నాకు కడపలో చిన్న ల్యాబ్ ఉంది. వారానికొకరైనా సీసా పట్టుకొస్తారు. ఒంట్లోంచి పడిందంటారు, వణుకుతుంటారు. ఒకసారి అది బాత్రూం మోరీలో పెరిగే ఈగ పిల్ల. ఒకసారి బియ్యపు డబ్బాలోని ముక్కుపురుగు. ఒకసారి గుమ్మం దగ్గరి చీమ, కాలు విరిగినది. సీసా ఎక్కడిదని, అంతకుముందు అందులో ఏముండేదని అడుగుతాను. మైక్రోస్కోపులో వాళ్ళనే చూడమంటాను. "ఇది మా ఇంట్లోదే సార్," అని వాళ్ళే చెబుతారు, నాలుగు సార్లలో మూడు సార్లు. నేను మూత చూస్తాను.

శిబిరం మే నెలాఖరుకు ఎత్తేశారు. నాకు పది రోజులు సెలవు దొరికింది. బయల్దేరే ముందు డాక్టర్ సాబ్ ఒక కవరు ఇచ్చాడు. రికార్డు ఆఫీసు నుంచి సవరణ రాలేదు కాబట్టి ఆయనే తన సంతకంతో రాసిచ్చాడు: 'పరీక్షలో పొరపాటు. హవల్దార్ ఖాదర్ బాషా ఆరోగ్యవంతుడు, వంట పనికి పూర్తిగా తగినవాడు.' ఉదయం ఆరుకు లారీ ఎక్కాను. ఎనిమిదింబావుకు నంద్యాలలో దిగాను. వేంపల్లె బస్సు పన్నెండున్నరకు.

మసీదు వెనక సందులో ఇల్లు. ఖాదరన్న లుంగీలో, అరుగు మీద కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు.

"రాప్పా డాక్టరూ! అయిపోయెనా మీ రాళ్ళు పగలగొట్టేది?"

కవరు ఇచ్చాను. చదివాడు. మళ్ళీ మడిచాడు. లోపలికి వెళ్ళి గడియారం వెనక దోపి వచ్చాడు.

"కాలేజీలో చూపించన్నా."

"వాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్యారులే. పదో తేదీ దాకా ఆగినారు పాపం."

"ఏమన్నారు?"

"ఏమంటారు? మర్యాదస్తులు. 'తగడు' అన్న ఆ కాగితం చదివినారు, కుర్చీ ఏసినారు, చాయ్ ఇచ్చినారు. నేను తాగినంక గ్లాసు మాత్రం పక్కకు పెట్టినారు." ఉల్లిగడ్డను రెండుగా కోశాడు. "మనకు అలవాటే కదా."

కళ్ళు తుడుచుకోవడానికి ఉల్లిగడ్డ ఒక మంచి సాకు. ఆయన ఆ సాకు వాడుకోలేదు. నాకు ఆ చేతులు కనబడుతున్నాయి, గీత అవతల, మోకాళ్ళ మీద, వెల్లకిలా. ఇప్పటికీ పిండి కలిపే మనిషి ఎదురైతే అవే కనబడతాయి.

ఆయన భార్య లోపలి నుంచి పళ్ళెం తెచ్చింది. జొన్నరొట్టె, గుత్తివంకాయ. నన్ను ఆమె అంతకుముందు చూడలేదు. నేనెవరో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. పళ్ళెం నా ముందు పెట్టి, తలుపు దగ్గర నిలబడింది.

నేను రొట్టె తుంచాను. నోట్లో పెట్టుకునే ముందు ముక్కను వెలుతురు వైపు తిప్పాను. నాకు ఆ ఉద్దేశం లేదు. పదేళ్ళకు పైగా ఏది చేతికొచ్చినా వెలుతురు వైపు తిప్పే చెయ్యి అది.

"రెండుసార్లు జల్లించినా సారూ," అందామె. "మా ఇంట్లో పురుగుల్లేవు. తినండి."